గోధుమ పడని పిల్ల

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా ఆటో డ్రైవరు. అతను మన కతోలిక మతంవాడు కాదు. ఏటా శివరాత్రికి పట్టిసీమ వెళ్ళి వీరభద్రుణ్ణి చూసి వచ్చి, మాకు కూడా ప్రసాదం పెట్టేవాడు. మఠంలో మేం కాల్చిన అప్పాల డబ్బాలను చుట్టుపక్కల విచారణల్లోని చర్చిలన్నిటికీ చేరవేసేది అతనే. అందుకని ఏ గుడిలో ఏం జరుగుతోందో మా సిస్టర్ల కంటే అతనికే ముందు తెలిసేది. ఆ రోజు ఖాళీ డబ్బాలు దించుతూ అన్నాడు.

"అమ్మగారూ, మీ అప్పం పడని పిల్ల ఒకతి బయల్దేరిందండి."

"పడకపోవడం ఏంటి? అదేమన్నా మందా?"

"ఆ పిల్లకి విషమంటండి. మిల్లులో బస్తాలు మోసే జట్టులో ఉన్నాడే, అతని కూతురు. గోధుమ రవ్వంత లోపలికెళ్ళినా పేగు పాడైపోద్దని రాజమండ్రిలో పెద్ద డాక్టరు చెప్పారంట. మొదటిసారి అప్పం తీసుకునే పిల్లల్లో ఆ పిల్ల కూడా ఉంది కదండి, తెల్లగౌను కూడా కుట్టించేశారు. ఇప్పుడు ఫాదరు గారు తల పట్టుకుని కూర్చున్నారు."

ఈ పత్రిక చదివే చిన్నవాళ్ళకు నా పని గురించి కాస్త చెప్పాలి. పూజలో గురువు చేతుల్లో క్రీస్తు శరీరంగా మారే అప్పాలు, పల్చటి తెల్లటి బిళ్ళలు ఉంటాయే, అవి కాల్చడమే నా ఉద్యోగం. వయసులో ఉండగా మఠంలో ఆ పనికి చేరి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. నేను బడి ముఖం చూడలేదు. మా నాన్నగారు ఊళ్ళో జపాలు నేర్పే ఉపదేశి. సాయంత్రం జపం అయ్యాక జపాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అక్షరం మీద వేలు పెట్టి నేర్పారు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అప్పాల గది చుట్టూ కనుచూపు మేర వరి. మండపేట వైపు ధాన్యం లారీలు మా గోడ పక్కనుంచే పోయేవి. ఆ ఊకదుమ్ము లోపలికి రాకుండా కిటికీలు వేసుకుని, ఎక్కడో ఉత్తరాదిన పండిన గోధుమల పిండి నీళ్ళలో కలుపుకుని కూర్చునేవాళ్ళం. అందులో ఉప్పు వెయ్యకూడదు, పులియనివ్వకూడదు. సిలువ చెక్కిన ఇనుప పెనం మీద గరిటెడు పోసి, పై పెనం మూసి, ఆవిరి ఆగాక తీస్తే కాగితంలాంటి రేకు వస్తుంది. దాన్ని కాస్త చెమ్మ పట్టనిచ్చి గుండ్రంగా కోస్తాం. మా గోదావరి గాలికి చెమ్మ మేం పట్టించనక్కర్లేదు, అదే పట్టేది.

పెనం దగ్గర కూర్చునేది మా అక్క. తోడబుట్టిన అక్క కాదు. నాకంటే పెద్దది, నాకు పని నేర్పింది. చిన్నతనంలోనే భర్త పోయి, పిల్లలు లేక, మఠం పంచన చేరింది. వేళ్ళ కొసలు కాలి కాలి మొద్దుబారిపోయినా ఆమె నోరు మాత్రం ఏనాడూ మొద్దుబారలేదు. సిస్టర్లు కూడా ఆమె దగ్గర ఆచితూచి మాట్లాడేవారు. నేను మొదటిరోజు రేకు చింపేస్తే, "ఇది దేవుడి పని అనుకుని వణక్కు. పని అనుకో, వణుకు పోద్ది. దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు," అంది. నా జీవితంలో నేను విన్న ప్రసంగాల్లో అంత పనికొచ్చింది ఇంకొకటి లేదు.

డ్రైవరు చెప్పిన కొద్దిరోజులకే విచారణ గురువు, ఆ ఫాదరు గారే, ఆ తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని మా గదికి వచ్చారు. ఆయన కొత్తగా వచ్చిన యువకుడు. నెమ్మదస్తుడు. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే చెయ్యాలనే మనిషి. పిల్ల మూడో క్లాసు. బక్కపల్చగా, కళ్ళు మాత్రం పెద్దవిగా ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గాల్లో పిండి ఉంటుందని డాక్టరు చెప్పారట.

"ఇందులో గోధుమ కాకుండా ఇంకేమన్నా కలుస్తుందాండి?" అని తల్లి అడిగింది.

"నీళ్ళు," అంది అక్క.

"మరి బియ్యప్పిండితో చెయ్యకూడదాండి? దానికి అన్నం పడుతుంది, అట్టు పడుతుంది. గోధుమ ఒక్కటే..."

గురువు గారు బదులిచ్చారు. "కుదరదమ్మా. చనిపోయే ముందు రాత్రి కడరా భోజనంలో ప్రభువు తీసుకున్నది గోధుమ రొట్టె. దాన్ని మార్చే అధికారం తనకు లేదని పోపు గారితో సహా మన శ్రీసభ అంతటి నమ్మకం. బియ్యంతో చేస్తే, నేనెంత ప్రార్థించినా అది బియ్యంగానే ఉండిపోతుంది. ఎక్కడో దూరదేశాల్లో గోధుమసారం బాగా తగ్గించి చేస్తారట. అవి మనకు దొరకవు."

"ప్రభువు గోదావరి గట్టున పుట్టుంటే ఏం చేసుండేవాడు ఫాదరు గారూ?" అంది అక్క.

"పుట్టలేదు కదమ్మా."

"అదే నేనూ అంటన్నాను. పుట్టకపోవడం మా తప్పా?"

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఆ తల్లికి మాత్రం నవ్వే స్థితి లేదు. "ఫాదరు గారూ, తెలీక అడుగుతున్నాను. మీరు ప్రార్థన చేశాక అది గోధుమ కాదు, దేవుడే అంటారు కదా. దేవుడైపోయాక కూడా నా పిల్లకి పడదాండి?"

ఆయన పెనం వంక చూసి చెప్పారు. "ప్రభువు మనిషిగా పుట్టినప్పుడు ఆయనకు ఆకలేసింది. ముళ్ళు గుచ్చితే రక్తం వచ్చింది. తల దేవుడిది కదా అని ముల్లు మెత్తబడలేదు. అప్పమూ అంతేనమ్మా. ఆయనే అవుతుంది. గోధుమ గుణం మాత్రం పోదు."

ఎన్నో ఏళ్ళుగా ఆ అప్పాలు కాలుస్తున్నదాన్ని, నాకే ఎప్పుడూ ఈ ప్రశ్న తట్టలేదు. అడిగిన ఆమెకూ చెప్పిన ఆయనకూ ఆ రాత్రి జపమాలలో కృతజ్ఞత చెప్పుకున్నాను.

గురువు గారు దారి కూడా చూపించారు. అప్పం తీసుకోలేనివారికి పాత్రలోని ద్రాక్షారసం రూపంలో ఇవ్వొచ్చు, అందులోనూ ప్రభువు పూర్తిగా ఉంటాడు, బిషప్ గారి అనుమతి నేను తెస్తాను అన్నారు. ద్రాక్షారసం అన్న మాట వినగానే ఆ తల్లి ముఖం మాడిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుని, "వెళ్ళొస్తామండి," అని వెళ్ళిపోయింది.

సంగతి మళ్ళీ డ్రైవరు నోటే తెలిసింది. పిల్ల తండ్రి ఒకప్పుడు పూటుగా తాగేవాడు. ఇల్లు గుల్లయింది, ఆమె చెయ్యి కూడా విరిగింది. ఆమె మరియమాత కొండకు కాలినడకన వెళ్ళి, ఆయన మానేస్తే ఆ వాసన మా గడప తొక్కనివ్వనని మొక్కుకుంది. ఆయన మానేశాడు. దగ్గు మందులో కూడా ఏం కలిపారో అడిగి కొనేంత గట్టిగా మొక్కు కాపాడుకుంటోంది. అలాంటామె తన చేత్తో పిల్లను తీసుకెళ్ళి ఆ పాత్ర ముందు నిలబెట్టాలి.

ఊళ్ళో వాదాలు కూడా మొదలయ్యాయి. మా విచారణ మహిళా సంఘం అధ్యక్షురాలు గట్టి మనిషి. "వైన్ షాపు ఎత్తించడానికి ఎండలో రోడ్డు మీద కూర్చున్నాం. ఇప్పుడు మన గుడి పీఠం మీంచే ఆడపిల్ల నోట్లో పోస్తారా?" అంది. "ఒక్క పిల్లకి వేరే పాత్ర ఏంటి, రేపు ఇంకొకరు ఇంకోటి అడగరా?" అన్నారు పెద్దలు కొందరు. పిల్లకు నయమయ్యాక చూద్దాం అన్నవారూ ఉన్నారు. అది నయమయ్యే జబ్బు కాదని వాళ్ళకు తెలియదు. చివరికి తల్లి, ఈసారికి మా పిల్ల తీసుకోదని చెప్పేసింది. గౌను మడిచి పెట్టెలో పెట్టేసిందట. స్నేహితురాళ్ళంతా తెల్లగౌనుల్లో వరసగా వెళ్తుంటే ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని చూడాలి. ఒక్క రోజు కాదు, ఆ తర్వాత ప్రతి ఆదివారం.

ఒక మధ్యాహ్నం నేను భోజనం చేసి వచ్చేసరికి పెనం మీంచి వేరే వాసన వచ్చింది.

"ఏంటక్కా ఇది?"

"కనపట్టంలా? బియ్యం."

"ఎవరికి?"

"ఎవరికో నీకు తెలుసు. తెలిసీ అడగమాకు."

"ఫాదరు గారు కుదరదన్నారుగా."

"దూరదేశం నించి వచ్చినవని చెప్తా. ఆయనకి తెలీదు కాబట్టి ఆయనకి పాపం లేదు. నాకుందంటావా, నేను చూసుకుంటా."

గోధుమ నలుసు లేకుండా పెనం ముందే తోమి పెట్టుకుంది. గోధుమపిండి బంకలా పట్టుకుంటుంది. బియ్యం పెళుసు. ఎన్నో రేకులు విరిగిపోగా చివరికి నాలుగైదు బిళ్ళలు నిలిచాయి. మధ్యలో సిలువ ముద్రతో అచ్చం మన అప్పాల్లాగే ఉన్నాయి. వాటిని చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని, "వస్తావా, ఇక్కడే కూర్చుంటావా?" అంది. నేను వెళ్ళాను. ఆపడానికి వెళ్ళానో, తోడు వెళ్ళానో నాకే తెలియదు.

ఆ ఇంట్లో తల్లి పొయ్యి దగ్గర ఉంది. పిల్ల మంచం మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. అక్క డబ్బా మూత తీసి చూపించి, సంగతి మెల్లగా చెప్పింది. తల్లి చేతులు కొంగుకు తుడుచుకుని దణ్ణం పెట్టింది. పిల్ల లేచొచ్చి ఒక బిళ్ళ తీసుకుని, సిలువ మీద వేలు పెట్టి, వాసన చూసింది.

"గోధుమ కాదా మామ్మగారూ?"

"కాదమ్మా. బియ్యమే. మనం తినే బియ్యమే."

"నా కడుపులో నెప్పి రాదా?"

"రాదు."

పిల్ల ఇంకాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "మరి ఇందులోకి యేసయ్య వస్తాడాండి?"

అక్క నోరు తెరిచింది. వస్తాడమ్మా అంటే అయిపోయేది. పెట్టెలోంచి గౌను బయటికొచ్చేది, ఆదివారం గడిచిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. బిషప్ గారినైనా ఎదురు ప్రశ్నించే మనిషి ఆ పిల్ల ముఖంలోకి చూసి, "రాడంటన్నారమ్మా," అంది.

"రాకపోతే నాకెందుకండి? మా అమ్మ అట్లు పోస్తదిగా," అని పిల్ల ఆ బిళ్ళను మళ్ళీ డబ్బాలో పెట్టేసి లెక్కల దగ్గరికి వెళ్ళిపోయింది.

కాలవగట్టు మీద అక్క డబ్బా కొంగు కింద పెట్టుకుని నడిచింది. వంతెన దాటాక, "ఒక్క అబద్ధమే. నోరు రాలేదే," అంది. ఆ మాటలో ఓడిపోయిన బాధ ఉంది, ఇంకేదో తేలిక కూడా ఉంది. మఠానికి రాగానే పెద్ద సిస్టర్ గారి దగ్గరికి తనే వెళ్ళి జరిగింది చెప్పింది. పెనానికి బియ్యం అంటింది కాబట్టి ఆ పూట దాని మీద కాల్చినవేవీ గుళ్ళకు పంపవద్దని సిస్టర్ గారు చెప్పారు. అవన్నీ మఠం హాస్టల్ పిల్లల పాలయ్యాయి. వాళ్ళకు పండగ. అక్క పెనం తోమి తోమి, మళ్ళీ మొదటినుంచి కాల్చింది. నేను పిండి కలిపాను.

పిల్ల అన్న మాట ఆ ఇంట్లో పనిచేసింది. తర్వాత తల్లే నాకు చెప్పింది. ఆ సాయంత్రం భర్త మిల్లు నుంచి రాగానే, దీనికి కావాల్సింది అప్పం కాదండి, యేసయ్యే అంట, నేనేం చెయ్యను అని ఏడ్చిందట. అతను కాళ్ళు కడుక్కుంటూ, "సీసాని తిట్టకు, నన్ను తిట్టు. నేను తాగింది నా కోసం. అది తాగేది దేవుడి కోసం. రెండూ ఒకటే ఎలా అవుతాయే?" అన్నాడట.

"మొక్కో?"

"వాసన మన గడప తొక్కకూడదని మొక్కావు. దేవుడి పాత్రలోంచి రాకూడదని మొక్కావా?"

మర్నాడు ఉదయపు పూజ అయ్యేసరికి ఆమె గురువు గారి ముందు నిలబడి ఉంది. "ఇవ్వండి ఫాదరు గారూ. చుక్కే ఇవ్వండి."

బిషప్ గారి అనుమతి అప్పటికే వచ్చింది. ఆయన అన్నీ పుస్తకం చూసి సిద్ధం చేశారు. పూజలో పెద్ద పాత్రలో గురువు అప్పం ముక్క ఒకటి వేస్తారు కాబట్టి అది పనికిరాదు. పిల్లకు వేరే చిన్న పాత్ర, దాన్ని తుడవడానికి వేరే గుడ్డ. ఆ గుడ్డ నేనే కుట్టాను. ఎవరికంటే ముందు ఆ పిల్లకే ఇవ్వాలని కూడా అనుకున్నారు.

ఆ ఆదివారం గుడి కిటకిటలాడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో భక్తితో వచ్చినవాళ్ళెందరో, వింత చూద్దామని వచ్చినవాళ్ళెందరో చెప్పలేను. తండ్రి వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్కా నేనూ పక్క బెంచీలో కూర్చున్నాం. గురువు గారు అప్పం విరిచి తాను తీసుకున్నారు. తర్వాత చిన్న పాత్ర పట్టుకుని దిగి వచ్చారు. తెల్లగౌనులో పిల్ల తలమీది పూల కిరీటం సర్దుకుని వరస ముందు నిలబడింది.

"క్రీస్తు రక్తము," అన్నారాయన.

ఆమెన్ అనాల్సిన పిల్ల ఆయన వేళ్ళ వంక చూసింది. "ఫాదరు గారూ, చేతులు కడుక్కున్నారాండి?"

ఆయన మెడ దగ్గర మైకు ఉంది. గుడి గుడంతా విన్నది.

ఆ పిల్లకు అది అలవాటు. బడిలో అన్నం వడ్డించే ఆయాను, పెళ్ళిలో వడ్డించేవాళ్ళను, ఎవరినైనా అలా అడగాలని డాక్టరు నేర్పారు. ఇప్పుడే అప్పం విరిచిన వేళ్ళవి. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ష్ అన్నారు. తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పూజ మధ్యలో గురువును ఎదురు ప్రశ్నించిన వాళ్ళను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డారు. నాకు తెలిసి పూజలో ఒక్క అడుగు అటూ ఇటూ వెయ్యని మనిషి.

"లేదమ్మా. ఉండు," అన్నారు.

పాత్రను పీఠం మీద పెట్టారు. అక్కడున్న చిన్న గిన్నెలో వేళ్ళు కడిగి, వేళ్ళకంటిన అణువైనా ప్రభువే కాబట్టి, ఆ నీళ్ళు తాగేశారు. తర్వాత పక్కగుమ్మం వైపు నడిచారు. పాటల వాళ్ళకు ఏం చెయ్యాలో తోచక పాడిన చరణమే మళ్ళీ అందుకున్నారు. మొదటి వరసలోంచి మహిళా సంఘం అధ్యక్షురాలు లేచింది. ఆమె ఏం గొడవ చేస్తుందోనని అందరం మెడలు చాచాం. ఆమె గుమ్మం దగ్గరున్న బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, ఆయన చేతుల మీద పోసింది. సబ్బు రాసుకున్నాక మళ్ళీ పోసింది.

ఆయన తిరిగి వచ్చి, బడిలో పిల్లలు టీచరుకు చూపించినట్టు రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూపించారు. పిల్ల శ్రద్ధగా చూసి తలూపింది. అప్పుడు ఆమెన్ అంది. చుక్క నాలుక మీద పడగానే ముఖమంతా ముడుచుకుంది. గుడంతా నవ్వేసింది. ఈసారి ఆ నవ్వులో ఎగతాళి లేదు. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "మా బాగా అడిగింది. ఒంటి మీద ఎరిక ఉన్నోళ్ళకే దేవుడి మీదా ఎరిక ఉంటది," అంది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం దగ్గర తండ్రి మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఇప్పుడు ఆ గురువు గారు మన్యం వైపు ఏదో విచారణలో ఉన్నారు. పిల్ల హైస్కూలుకు వచ్చింది, కాస్త ఒళ్ళు చేసింది. కొత్త గురువు వచ్చినప్పుడల్లా తల్లి ముందుగా వెళ్ళి సంగతి చెప్పి వస్తుంది. నేనూ పని మానేశాను. మా గదిలో ఇప్పుడు కరెంటు మిషను పెట్టారు, ఇద్దరు అమ్మాయిలు నవ్వుకుంటూ చక్కగా చేస్తున్నారు. వాళ్ళను చూస్తే సంతోషంగా ఉంటుంది. అమ్మాయిలూ, నేను మీకు నేర్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిండిలో ఇంకేదీ కలవనివ్వకండి, అడిగినవాళ్ళకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి. రెండోది మొదటిదానికంటే కష్టం. అది నాకు ఆ ఇంట్లో తెలిసింది. ఇంత మంచి మనుషుల మధ్య నా చేత పని చేయించిన దేవుడికి ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

అక్క పోయినేడాది వర్షాకాలంలో జ్వరం వచ్చి వెళ్ళిపోయింది. మా విచారణ సమాధుల తోటలో తూర్పు గోడ పక్కన ఉంది. ఆత్మల పండుగనాడు అందరి సమాధుల మీదా పిల్లలూ మనవలూ పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆమెకు ఎవరూ లేరు. నేనున్నంతకాలం నేను వెలిగిస్తాను. ఆ తర్వాత సంగతే నా బెంగ. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఇది చదివినవాళ్ళు ఎప్పుడన్నా ఒక్కసారి ఆమె ఆత్మ కోసం మరియమ్మకు ఒక మంగళవార్త జపం చెప్పండి. మన వాళ్ళు కాకపోతే మీ దేవుడికే ఒక మాట చెప్పండి, మా డ్రైవరు అలాగే చెప్పుకుంటున్నాడు. ఇక్కడ ఎవరి పేర్లూ రాయలేదు కాబట్టి ఆమె పేరూ రాయలేదు. ఫరవాలేదు. గోదావరి దగ్గర అప్పాలు కాల్చిన ముసలామె, పిల్లకి అబద్ధం చెప్పలేకపోయినామె అనండి. ఆయనకు తెలుస్తుంది.